మూడో ప్రకటన

ఏప్రిల్ 15, 1981. బుధవారం

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో ఎవరు దేని మీద ప్రసంగించాలో ఈ సాయంత్రం పంచారు. ఎల్లుండి శుభ శుక్రవారం. నేను దాహమవుతోందన్న మాట అడిగాను. దాహం గురించి నాకు చెప్పడానికి చాలా ఉంది. సంఘ పెద్ద మొగులయ్య నాకు మొదటిది ఇచ్చాడు, చంపుతున్నవాళ్లను క్షమించమని ప్రభువు తండ్రిని అడిగిన మాట.

"దాహం మొగోళ్లు జూసుకుంటరు వరమ్మా. నీది గొంతు పెద్దది. క్షమాపణ నువ్వు జెప్తెనే ఆడోళ్లు ఏడుస్తరు" అన్నాడు.

పట్టా ఉన్న పాస్టరు అయ్యగారు చెబితే నిద్రపోయే జనం, కుట్టుమిషను పక్కన బైబిలు వాక్యం పెట్టుకుని కూడబలుక్కుని చదువు నేర్చిన నేను చెబితే లేచి కూర్చుంటారు. అది నా గొప్ప కాదు. ఆయన కృప.

ఏప్రిల్ 17. శుక్రవారం

చెప్పాను. నిప్పులా చెప్పాను. మేకు కొడుతున్న చేతిని కూడా ప్రేమించినవాడే నా బిడ్డ అంటాడు ప్రభువు అన్నప్పుడు మందిరంలో ముక్కు చీదని ఆడది లేదు. మా వెనక సందులో ఉండే నీలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె పెద్ద కూతురు సలోమి బహదూర్‌పురా అత్తింటి నుంచి పసిబిడ్డను ఎత్తుకుని వచ్చి వెనక చాప మీద కూర్చుంది.

అయిపోయాక సలోమి నా దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయింది. చుట్టూ జనం. గురువారం ఆడవాళ్ల ప్రార్థనకు రా బిడ్డా, తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నాను.

ఏప్రిల్ 19. ఈస్టరు

పొద్దున సమాధుల తోటలో ఆరాధన ముగించుకుని వచ్చేసరికి నీలమ్మ ఇంటికి తాళం. సలోమి కాలిందట. స్టవ్ పేలిందంటున్నారు.

ఏప్రిల్ 20. సోమవారం

ఆసుపత్రికి వెళ్లాను. వార్డు బయట బెంచీ మీద సలోమి అత్త నాగమణమ్మ, ఒళ్లో సలోమి బిడ్డ. "పంపు ఎక్కువ గొట్టింది అమ్మా. నేను వొద్దు వొద్దు అంటనే ఉన్న" అంది నేను అడక్కముందే. సలోమి మొగుడు బాలకిషన్ కిటికీ దగ్గర నిలబడి తల దువ్వుకుంటున్నాడు. తల దువ్వుకుంటున్నాడు.

లోపల సలోమికి తెలివి ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"అత్త బయట గొళ్లెం పెట్టింది పెద్దమ్మా. ఆయన ఎన్క నుంచి పోసిండు. బాపు నౌకరి ఇయ్యలేదని."

కాసేపటికి మళ్లీ, "పిల్ల వాళ్ల దగ్గరున్నది" అంది.

పోతున్న ఆత్మకు దైవసేవకులు ఏం చెప్పాలో అదే చెప్పాను. ప్రార్థన చేశాను. అంతలో మేజిస్ట్రేటు వచ్చాడని మమ్మల్నందరినీ బయటికి పంపారు.

ఏప్రిల్ 21

సలోమి ప్రభువు దగ్గరికి వెళ్లింది.

ఏప్రిల్ 23. గురువారం

నిన్న మట్టి చేశారు. స్టవ్ ప్రమాదమే అని పోలీసులు రాసుకున్నారు. చనిపోయిన అమ్మాయి తానే మేజిస్ట్రేటుకు అలా చెప్పిందట. మరి వాళ్లేం చేస్తారు?

ఎల్లప్ప మీద కోపం వస్తోంది. సలోమి కన్నతండ్రి. పిల్లనిచ్చేటప్పుడు ఒప్పుకున్నాడు. కంచన్‌బాగ్‌లో అతను పనిచేసే ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ఒంట్లో బాగాలేదని రాసిచ్చి ముందే దిగిపోతే ఆ నౌకరి కొడుక్కి వస్తుంది, కొడుకు లేకపోతే అల్లుడికి. ఎల్లప్పకు ఇద్దరూ ఆడపిల్లలే. బాలకిషన్ అక్కడే రోజుకూలీ. కట్నం కింద వాళ్లు అడిగింది ఆ నౌకరి. స్కూటరు, బీరువా, మంచం అన్నీ దాని పక్కన పెట్టిన పళ్లెంలో తమలపాకులు. పెళ్లయ్యాక ఎల్లప్ప వెనకాడాడు. చిన్నకూతురు ఎస్తేరు పెళ్లి కానివ్వండి, అప్పుడు దిగిపోతానన్నాడు. ఎస్తేరు చిన్నది. వాళ్లు ఆగలేదు.

బైబిల్లో యెఫ్తా కూడా నోరు జారి దేవుడికి మాటిచ్చాడు, కూతురు బలైంది. అతను కనీసం బట్టలు చించుకున్నాడు. ఎల్లప్ప సోమవారం నుంచి డ్యూటీకి పోతాడట.

నేను క్షమించమన్నాను. దాచమనలేదు. క్షమించడం వేరు, దాచడం వేరు. ఆ తేడా శుక్రవారం ప్రసంగంలో చెప్పాను. చెప్పే ఉంటాను.

ఏప్రిల్ 30

ఆడవాళ్ల ప్రార్థనలో అన్న చేతిలో చచ్చిన హేబెలు రక్తం మీద వాక్యం తీసుకున్నాను. నేలలోంచి మొరపెడుతోంది, మీ చెవులకు వినబడదా అని అడిగాను. ఒక్కరూ తలెత్తలేదు. వెళ్లేటప్పుడు ఎప్పుడూ లేనిది చెప్పులు కూడా సవ్వడి లేకుండా తొడుక్కున్నారు. ఈ సంఘంలో నోరున్నది నాకొక్కదానికే.

క్షమించడం వేరు, దాచడం వేరు.

జూన్ 11. గురువారం

మధ్యాహ్నం నీలమ్మ వచ్చింది. చేతిలో తువ్వాల మూట. విప్పితే సలోమి పెళ్లినాటి తెల్ల చీర. అప్పటి రవిక కూడా నేనే కుట్టాను, మెడ చుట్టూ ముత్యాలు పెట్టి.

"దీని మీదికి కొత్త రవిక గావాలె అక్కా. ఎస్తేరు కొలతకు."

"ఎందుకు?"

"పెండ్లి."

"ఎవరితోని?"

నీలమ్మ నా కత్తెర చేతిలోకి తీసుకుంది. మళ్లీ బల్ల మీద పెట్టింది. "అల్లునితోనే" అంది.

మిషను ఆపాను.

"వాడేం జేసిండో నీకు తెల్వదా నీలమ్మా?"

"నాకు తెల్వదా? కడసారి తానం పోసింది నేను. ఈపంత..." కొంగుతో ముఖం కాదు, చేతులు తుడుచుకుంది.

"తెల్సి ఇస్తవా?"

"ఇయ్యకుంటే చెప్పు ఏం జెయ్యాలె. కాలిన పిల్ల చెల్లె అంటే ఎవడొస్తడు? అచ్చినోళ్లు గూడ చాయ్ తాగి, మీ ఇంట్ల ఏం దోషమున్నదో అనుకుంట పోతుండ్రు. మనుమరాల్ని జూద్దామని పోతే తలుపు తియ్యరు. ఉన్నది ఒక్క నౌకరి, బిడ్డలు ఇద్దరు. వానికిస్తే ఎస్తేరుకేమియ్యాలె? ఎస్తేరుకుంచితే పిల్ల ముఖం జూడనియ్యరు. ఇద్దరికీ వాడే అయితే ఒక్క నౌకరితోని ఒడ్సిపోతది."

"సలోమి ఒడ్సిపోయినట్లా?"

"గొంతు లేపకు!" లేచి నిలబడింది. "నా బిడ్డ ఆ మేజిస్ట్రేటు దొరకు నిజం జెప్తే ఇయ్యాల వాడు జేల్ల ఉంటుండె. ఎస్తేరును అడిగేటోడే ఉండకపోతుండె. సచ్చేటప్పుడు దానికి క్షమించు క్షమించు అని జెప్పిందెవరు? తెర ఎన్క నేనున్న. నా చెవులతోని ఇన్న."

చీర బల్ల మీదే వదిలి వెళ్లింది.

ఆమె దుఃఖంలో ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్ల మాటలు పట్టించుకోకూడదు.

జూన్ 12

రవిక కుట్టను. ఇంకెవరి చేతనైనా కుట్టించుకోనీ.

జూన్ 14. ఆదివారం

ఆరాధన అయ్యాక అయ్యగారి గదికి వెళ్లాను. ఆయన ఫ్యాను కింద కూర్చుని కాలరు తీసి మెడ తుడుచుకుంటున్నారు. మొగులయ్య కూడా ఉన్నాడు. ఎప్పుడూ ఉంటాడు.

"ఈ పెండ్లి మీరు జేయొద్దు అయ్యగారూ."

"రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి కదమ్మా. తల్లిలేని పిల్లకు తల్లి దొరుకుతుంది. అక్కాచెల్లెళ్లను ఒకే ఇంటికివ్వడం కొత్తేం కాదు. యాకోబు చేసుకోలేదా?"

"యాకోబు లేయాను కాలవెట్టలేదు."

మొగులయ్య గొంతు సవరించుకున్నాడు. "జర సమ్జాయించుకుని మాట్లాడు వరమ్మా. పోలీసోళ్లే కాదన్నది నువ్వెట్ల అంటవు? మేజిస్ట్రేటు కన్న పెద్దదానివా?"

"అభ్యంతరం ఉంటే చెప్పడానికే కదమ్మా మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివేది" అన్నారు అయ్యగారు. "సాక్షి ఉంటే అప్పుడు నిలబడమను."

నాకు తెలిసి ఈ మందిరంలో ఆ ప్రకటనకు లేచి నిలబడినవాళ్లు లేరు. అది చదివేటప్పుడు జనం పాటల పుస్తకంలో తర్వాతి కీర్తన వెతుక్కుంటారు. నేనూ అంతే.

జూన్ 27

ఎస్తేరు వచ్చింది. వాళ్లమ్మ చీర తెమ్మందట. మంచి మాటకారి పిల్ల, చార్మినారు దగ్గర గాజుల దుకాణంలో చేరి ఉర్దూలో బేరాలాడుతుంది. వారం నుంచి మాన్పించారు.

"నీకు ఇష్టమేనా బిడ్డా?"

"ఇష్టమేంది పెద్దమ్మా, సినిమాకు పోతున్ననా? పిల్లకు నన్ను జూస్తే అమ్మను జూసినట్లే. నేను పోకుంటే దాన్నెవరు జూస్తరు?"

"నిన్నెవరు జూస్తరు?"

"నేను అక్క లెక్క మెత్తది గాదు. అంతా అనుకున్న. వంటింట్ల ఒక్కదాన్నే ఉండ. తలుపు దిక్కు ముఖం పెట్టుకునే వండుత. సీసాల గ్యాసునూనె ఎంతున్నదో పొద్దుగాల గుర్తువెట్టుకుంట. గొళ్లెం ఊడబీకుత."

నవ్వుతూనే చెప్పింది. ఈ వయసు పిల్లలు పెళ్లి ముందు ఏ రంగు గాజులో అనుకుంటారు. ఇది ఏ దిక్కుకు తిరిగి వండాలో అనుకుంటోంది.

చీర ఇచ్చి పంపాను.

జూలై 5. ఆదివారం

మొదటి ప్రకటన. అయ్యగారు చదువుతుంటే నేను లేవలేదు. రాత్రి నుంచి జ్వరంగా ఉంది. మూడుసార్లు చదువుతారు కదా. తొందరేముంది?

జూలై 12

రెండో ప్రకటన. జ్వరం తగ్గలేదు.

జూలై 14

జ్వరం లేదు. అసలు జ్వరమే రాలేదు.

జూలై 19. ఆదివారం

రాయాలి. ఇప్పుడే రాయాలి.

మగవాళ్ల వైపు బాలకిషన్ ముందు వరసలోనే కూర్చున్నాడు. నాగమణమ్మ ఒళ్లో పసిపిల్ల. ఈ వారమే దాన్ని అమ్మమ్మకు చూపించారు, బాకీ కింద అడ్వాన్సు ఇచ్చినట్టు. అయ్యగారు చదివారు. ఎల్లప్ప రెండో కుమార్తె ఎస్తేరుకు, విధురుడైన బాలకిషన్‌కు వివాహం నిర్ణయమైంది, ఇది మూడో ప్రకటన, అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పాలి. పాటల పుస్తకాలు తెరుచుకున్నాయి.

నేను లేచాను.

"నాకున్నది."

మందిరమంతా వెనక్కి తిరిగింది. అయ్యగారు కళ్లజోడు తీశారు. "ఏ ఆధారం మీదమ్మా?"

"ఆ మనిషి చేతుల మీద ఒక ఆడపిల్ల కాలి చచ్చింది. పోసింది వాడు. తలుపేసింది వాళ్లమ్మ. సలోమి నాతోని చెప్పింది."

నాగమణమ్మ నోరు తెరిచేలోపే ఎల్లప్ప నిలబడ్డాడు. ఆమె కాదు, ఎల్లప్ప.

"నా బిడ్డ దొరకు ఏం జెప్పిందో సర్కారు కాయితంల ఉన్నది. స్టవ్ పేలిందని జెప్పింది. నువ్వు దైవసేవ జేసేదానివి, సచ్చిపోయినదాన్ని అబద్ధాలదంటవా?"

"అంట. అబద్ధమే ఆడింది. పాలు తాగే పిల్ల వాళ్ల సంకల ఉంటె ఇంకేం జేస్తది?"

మొగులయ్య పెద్దల బెంచీ నుంచి అడిగాడు. మెల్లగానే అడిగాడు. "నీతోని అన్నదే అనుకుందాం వరమ్మా. మేజిస్ట్రేటు బయటనే ఉండె. పోలీసోళ్లు మట్టి దినం దాంక తిరిగిన్రు. అప్పుడెందుకు జెప్పలేదు?"

నేను నిలబడే ఉన్నాను. వాక్యం నా చేతిలోనే ఉంది. మొగులయ్యకు జవాబు ఇక్కడా రాయను.

"కూర్చోమ్మా" అన్నారు అయ్యగారు. కళ్లజోడు పెట్టుకున్నారు. కీర్తన సంఖ్య చెప్పబోయారు.

అప్పుడు ఆడవాళ్ల చాప మీద నుంచి ఎస్తేరు లేచింది.

"అయ్యగారూ, నాకు గూడ ఉన్నది అభ్యంతరం."

ఆయన చేతిలోని కాగితం చూసుకున్నారు. నిజంగానే చూసుకున్నారు. "ఇది సంఘాన్ని అడిగే ప్రశ్నమ్మా. పెళ్లికూతుర్ని కాదు. నిన్ను పెళ్లిరోజున అడుగుతాం."

"గంత దూరమెందుకు? ఇయ్యాల్నే రాసుకోండ్రి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నీలమ్మ కొంగు పట్టి లాగుతోంది, కూర్చోవే, కూర్చోవే అంటూ. ఎస్తేరు తండ్రి వైపు తిరిగింది.

"పిల్ల కోసమని అక్క అబద్ధమాడి సచ్చింది బాపూ. పిల్ల కోసమని నేను పోయి సస్త. రేపు ఆ పిల్ల పెద్దగైతే దాన్ని ఎవరి కోసం పంపుతరు?"

నాగమణమ్మ లేచింది. "నడువురా. మనకేం పిల్లలు దొర్కుతలేరా? ఈళ్ల ఇంట్ల ఆడోళ్లంత గిట్లనే, మర్యాద లేదు మన్నన లేదు." బాలకిషన్ లేచి, ప్యాంటు మడతలు సరిచేసుకుని, తల్లి వెనక నడిచాడు. మాట్లాడాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. గుమ్మం దాటుతుంటే పసిది నాయనమ్మ భుజం మీది నుంచి ఎస్తేరు వైపు చేతులు చాపింది.

ఎస్తేరు కదలలేదు.

అయ్యగారు కీర్తన సంఖ్య చెప్పారు. పాడారు కూడా.

జూలై 23. గురువారం

ఆడవాళ్ల ప్రార్థనకు ఎవరూ రాలేదు. చాపలు పరిచాను. చుట్టేశాను.

జూలై 30

ఎవరూ రాలేదు. ముస్లిం ఇళ్ల నుంచి కుట్టుపని వస్తోంది గానీ మనవాళ్ల ఇళ్ల నుంచి జాకెట్టు ముక్క రాలేదు. ఆడవాళ్ల ప్రార్థన ఇకపై అయ్యగారి భార్య నడిపిస్తారని మొగులయ్య కబురు పంపాడు. "నువ్వు జర ఆరాం తీసుకో" అన్నాడట.

ఎల్లప్ప ఎస్తేరును కొట్టాడు. బెల్టుతో. కొట్టి, తానే గుమ్మంలో కూర్చుని ఏడ్చాడట. ఎస్తేరు మళ్లీ గాజుల దుకాణానికి పోతోంది. చేతుల మీద వాతలు కనబడకుండా మణికట్టు నుంచి మోచేతి దాకా గాజులు తొడుక్కుని అమ్ముతోంది. బేరం బాగా అవుతోందని చెప్పి నవ్వింది.

ఇది బతికి ఉంది. నా వల్లే. ఎవరేమన్నా అననీ. ప్రభువుకు తెలుసు.

ఆగస్టు 25. మంగళవారం

ఎల్లప్ప డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. జూలై తర్వాత ఇదే రావడం. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఖుషీయేనా వరక్కా? బాలకిషన్‌కు పెండ్లైపోయింది మొన్న ఆదివారం."

"ఎక్కడి పిల్ల?"

"జహీరాబాద్ దిక్కు. ఆ మందిరంల మూడు వారాలు జదివిన్రంట. ఎవ్వలు లేవలేదంట. ఎందుకు లేస్తరు? ఆడ వరమ్మ లేదు గద." గుమ్మం వదిలాడు. "నా పిల్ల కాకుంటే ఇంకొకని పిల్ల. నువ్వు జేసింది గంతే."

అతను వెళ్లాక వాక్యం తెరిచాను. అబ్రాహాము కొడుకు మీద కత్తి ఎత్తితే దేవుడు ఆపాడు. కొడుక్కి బదులు కోయడానికి పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు దొరికింది. ఎన్నిసార్లు ప్రసంగించాను దాని మీద! తండ్రి సంతోషం చెప్పాను, కొడుకు సంతోషం చెప్పాను. పొట్టేలు సంగతి ఎన్నడూ చెప్పలేదు.

ఆగస్టు 29

ఆ జహీరాబాద్ పిల్ల కోసం ప్రార్థన చేద్దామని కూర్చున్నాను. పేరు తెలియదు.

ఆగస్టు 30

ఆ పిల్లకు చెప్పాలి. తెలిస్తే తల్లిదండ్రులు వెంటనే తీసుకుపోతారు. ఏ తల్లిదండ్రులైనా తీసుకుపోతారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఎస్తేరుతో అంటే, "నేనొస్త. పిల్ల నా అక్క బిడ్డ, తలుపు నాకు తియ్యాలె" అంది.

సెప్టెంబరు 6. ఆదివారం

వెళ్లి వచ్చాం.

బహదూర్‌పురా సందులో మూడో ఇల్లు. తలుపు తీసింది కొత్త కోడలే. ఎస్తేరు కంటే చిన్నది. పసుపు ఛాయ, ముక్కుకు రాయి, చంకలో సలోమి బిడ్డ. పిల్ల ఆమె మెడలో గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. అలవాటైపోయింది.

నాగమణమ్మ ముందుగదిలో మంచం మీదే ఉంది. మమ్మల్ని చూసి ముఖం చిట్లించింది గానీ పొమ్మనలేదు. "పిల్లను జూస్తానికి అచ్చిన్రా? జూడుండ్రి. జూసి పోండ్రి" అని గోడ వైపు తిరిగింది.

"లోపలికి రాండ్రి అక్కా, చాయ్ పెడ్త" అంది ఆ పిల్ల. పేరు అడిగాను. సువార్త.

వంటింట్లోకి తీసుకెళ్లింది. గోడకు కొత్తగా సున్నం వేశారు. అదే స్టవ్ అనుకుంటాను, ఇత్తడిది, పేలిపోయిందని అందరూ చెప్పినది. సువార్త పిల్లను ఎస్తేరుకిచ్చి పంపు కొట్టి వెలిగించింది. తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంది.

ఎస్తేరు గొంతు తగ్గించలేదు. ముందుగదికి వినబడాలనే అంది.

"మా అక్క ఈడనే కాలింది. స్టవ్ పేలలే. వాడు పోసిండు, మీ అత్త గొళ్లెం వెట్టింది."

ముందుగదిలో మంచం కిర్రుమంది. ఎవరూ రాలేదు.

సువార్త టీ వడపోస్తోంది. చేయి ఆగలేదు.

"తెల్సక్కా."

"తెల్సా? ఎవరు జెప్పిన్రు?"

"మా బాపు. సంబంధం మాట్లాడేటప్పుడే అందరికి ఎర్కనే." గ్లాసు అంచు కొంగుతో తుడిచి నాకిచ్చింది. "నా ఎన్క ఇంకిద్దరున్నరు చెల్లెండ్లు. ఇసొంటి సంబంధమని కట్నం తక్కువల ఒప్పుకున్నరు. అందుకే గద బాపు జేసిండు."

నా సంచిలో వాక్యం ఉంది. ఆ పిల్ల కోసం ఏ అధ్యాయం తెరవాలో దారిపొడుగునా వెతికి, కాగితం ముక్క పెట్టుకుని వెళ్లాను. సంచి మూతి విప్పలేదు.

"చక్కెర సరిపోయిందా అమ్మా?" అని అడిగింది సువార్త.

సరిపోయిందన్నాను.